అటకెక్కించే ముందు: లోయర్ ఎర్లీలో ఒక లాఫ్ట్ పని, మొదటి నుంచి చివరి దాకా

పోయిన నవంబర్‌లో ఒక ఫోన్ వచ్చింది. రెడింగ్ పక్కన లోయర్ ఎర్లీలో ఉండే మన తెలుగు కుర్రాడు, ఆ ఏడాదే ఇల్లు కొన్నాడు. "అన్నా, లాఫ్ట్ బోర్డులు కొని గరాజ్‌లో పెట్టేశా, పది ప్యాకెట్లు. మీరు ఒక శనివారం వస్తే అయిపోతుంది కదా?" అన్నాడు. ఇంగ్లండ్‌లో నేను లాఫ్ట్‌ల్లో, అంటే పైకప్పు కింది ఖాళీల్లో, వడ్రంగం పని మొదలుపెట్టి తొమ్మిదేళ్లు అయింది, నాకు పని ఇచ్చేవాళ్లలో సగం మంది మనవాళ్లే, ఇంచుమించు అందరూ ఇలాగే మొదలుపెడతారు. "బోర్డులు అక్కడే ఉంచు తమ్ముడూ, ప్యాకెట్ విప్పకు, ముందు నేను పైకెక్కి చూస్తాను" అన్నాను. చివరికి ఆ పనికి నాకు మూడు రోజులు, ఎలక్ట్రీషియన్‌కి ఒక రోజు పట్టింది. అందులో బోర్డులు వేసింది ఒక్క మధ్యాహ్నమే. మిగతా సమయమంతా ఎక్కడికి పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఆ శనివారం పనిని సొంతంగా చేసేసుకుంటున్న ఇళ్లు నేను చాలా చూస్తున్నాను, కొన్నింట్లో నాకు నిజంగా భయం వేసింది.

ఇంటికి వెళ్లేసరికి వాళ్ల అమ్మగారు కూడా ఉన్నారు, తెనాలి నుంచి ఆరు నెలలకి వచ్చారు. టీ ఇస్తూ, "బాబూ, మా ఇంట్లో అటక మీద ఇత్తడి గుండిగలు, చింతపండు బస్తాలు, ఆవకాయ జాడీలు ముప్పై ఏళ్లు ఉన్నాయి, ఒక్క పగులు రాలేదు. వీడేమో ఇక్కడ సూట్‌కేస్ పెట్టడానికి కూడా మనిషిని పిలవాలంటున్నాడు" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. పాత పెంకుటింట్లో అటక అంటే దూలాల మీద మందపాటి పలకలు పరిచి, బరువు పెట్టడానికే కట్టింది. ఇప్పటి మేడల్లో సజ్జ అంటే ఏకంగా కాంక్రీటు. ఈ దేశంలో ఇంటి కప్పు కింద ఉన్న ఖాళీ అలాంటిది కాదు. దాని అడుగున ఉన్న చెక్కలు నేల కోసం వేసినవి కావు, పడకగది సీలింగ్‌ని పట్టుకుని వేలాడదీయడానికి, పైకప్పు వాసాలు పక్కలకి జారిపోకుండా లాగి పట్టడానికి వేసినవి. "అమ్మా, అది అటక కాదు, సీలింగ్ వీపు" అని చెప్పాను. ఆవిడకి వెంటనే అర్థమైంది, కొడుక్కి అర్థం కావడానికి సాయంత్రం దాకా పట్టింది.

ఇల్లు 1980ల నాటిది, మూడు పడకగదుల సెమీ, అంటే ఒక పక్క గోడ పొరుగింటితో కలిసి ఉండేది. నిచ్చెన వేసి తల పైకి పెట్టగానే మొదట చూసింది చెక్కల ఆకారం. ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం ఆకారంలో సన్నటి చెక్కలు, కలిసే చోటల్లా ముళ్ల ప్లేట్లు కొట్టి ఉన్నాయి, అంటే ఫ్యాక్టరీలో చేసి తెచ్చిన ట్రస్సులు. 1960ల మధ్య నుంచి ఇక్కడి ఇళ్లలో ఎక్కువగా ఇవే. నా టేపుతో కొలిస్తే అడుగు చెక్క 35 మిల్లీమీటర్ల మందం, 72 ఎత్తు, ఒక ట్రస్సు నుంచి ఇంకోదానికి 600 మి.మీ. దూరం. ఇంకా ముందు నాటి ఇళ్లలో సైటు మీదే కోసి కట్టిన బరువైన కప్పులుంటాయి, వాటి లెక్క వేరు. ట్రస్సుల్లో ఏ చెక్కనీ కొయ్యకూడదు, గాడి పెట్టకూడదు, కేబుల్ పోనివ్వడానికి చిన్న గంటు కూడా వద్దు. దారికి అడ్డంగా ఉందని ఆ డబ్ల్యూలో ఒక కాలు కోసేసిన ఇంటిని నేను స్లౌ అనే ఊళ్లో చూశాను, కింద గదిలో సీలింగ్ వాలిపోయి తలుపు మూసుకోవడం లేదు.

ఇక బరువు సంగతి. ఇలాంటి ట్రస్సుల అడుగు చెక్కని డిజైన్ చేసేటప్పుడు సామాను కోసం లెక్కలో వేసుకునేది చదరపు మీటరుకి 0.25 కిలోన్యూటన్లు, అంటే సుమారు 25 కిలోలు. దీనికి తోడు ఒక మనిషి ఒక చోట కాలు పెట్టే బరువు, 0.9 కిలోన్యూటన్లు, అంటే సుమారు 90 కిలోలు, విడిగా చూస్తారు. అంతే. అందరూ మర్చిపోయేది ఏమిటంటే ఆ 25లోనే బోర్డు బరువు కూడా పోతుంది. 18 మి.మీ. చిప్‌బోర్డు చదరపు మీటరుకి దాదాపు 12 కిలోలు తూగుతుంది. అంటే సామాను ఒక్కటి కూడా పెట్టకముందే సగం కోటా బోర్డే తినేసింది.

మేము బోర్డు వేద్దామనుకున్నది హాచ్ (లాఫ్ట్‌లోకి ఎక్కే మూత) చుట్టూ, మధ్యలో 3.6 మీటర్లు, 3 మీటర్లు, మొత్తం 10.8 చదరపు మీటర్లు. దానికి 25 చొప్పున 270 కిలోలు. బోర్డులకి 130, కింద పెట్టే కాళ్లు, స్టీలు బీములకి ఓ 30 తీసేస్తే సామానుకి మిగిలింది 110 కిలోలు. కుర్రాడు నమ్మలేదు. "110 అంటే నాలుగు చెక్-ఇన్ సూట్‌కేసులే కదా అన్నా" అన్నాడు. అవును, నిండుగా సర్దినవైతే అంతే.

అప్పుడు మేమొక పని చేశాం, ఇప్పుడు ప్రతి ఇంట్లో చేయిస్తున్నాను. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచుకునే చేతి తూనిక మన ఇళ్లలో తప్పకుండా ఉంటుంది కదా, దాంతో పైకి ఎక్కిద్దామనుకున్నవన్నీ ఒక్కొక్కటి తూచి కాగితం మీద రాశాం. పుస్తకాల పెట్టెలు ఆరు, ఒక్కోటి 18 కిలోలు, మొత్తం 108. బట్టలు కుక్కిన సూట్‌కేసులు నాలుగు, 80. ఖాళీవి నాలుగు, 18. రాళ్ల గ్రైండర్ 15. పెద్ద స్టీలు గిన్నెల పెట్టె 25. ఆఫర్‌లో కొన్న 20 కిలోల బియ్యం బస్తాలు మూడు, 60. కలిపితే 306 కిలోలు, ఇంకా బొమ్మల కొలువు పెట్టె, రజాయిలు లెక్కలోకి రాలేదు. పైగా పుస్తకాల పెట్టె లాంటిది బరువంతా ఒక చిన్న చదరం మీద దింపుతుంది, అది చదరపు మీటరంతా పరుచుకోదు. ఇలాంటి బరువు పెడితే ఆ రోజే ఏమీ కూలిపోదు, అదే ఇక్కడ మోసం. చెక్క మెల్లగా, ఏళ్ల తరబడి వంగుతుంది, కింద గదిలో సీలింగ్ అతుకుల దగ్గర గీత కనపడుతుంది, పెయింట్ వేస్తారు, మళ్లీ కనపడుతుంది.

చివరికి ఖాళీ సూట్‌కేసులు ఒకదాంట్లో ఒకటి పెట్టి, రజాయిలు, బొమ్మల కొలువు పెట్టె, వినాయక చవితి అలంకరణ సామాను, పాప ఉయ్యాల భాగాలు, టెంటు, ఇవి మాత్రమే పైకి అని తేలింది, 96 కిలోలు. పుస్తకాలు, గ్రైండర్, గిన్నెలు గరాజ్‌లోకి, అక్కడ నేల కాంక్రీటు. బియ్యం అయితే బరువు సంగతి పక్కన పెట్టినా పైకి వద్దే వద్దు, చలికాలంలో అక్కడ చెమ్మ పడుతుంది, ఎండాకాలంలో ఉడికిపోతుంది. పట్టుచీరలు, ఫోటో ఆల్బమ్‌లు కూడా అంతే. ఇంతకు మించి బరువు పెట్టి తీరాలంటే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలిచి లెక్క కట్టించుకోవాలి, నాలాంటి పనివాడు కంటితో చూసి "పర్లేదు" అనకూడదు.

రెండోసారి వెళ్లింది పనికి. హాచ్ పక్కనే పాత ఓనర్ వేసిన బోర్డులు ఓ నాలుగు చదరపు మీటర్లు ఉన్నాయి, నేరుగా ట్రస్సు చెక్కల మీద స్క్రూలు కొట్టి. మిగతా లాఫ్ట్‌లో ఇంటి వేడి పైకి పోకుండా పరిచే గాజు ఉన్ని బాగానే ఉంది, కింద పొర 100 మి.మీ., దాని మీద అడ్డంగా ఇంకో 170, మొత్తం 270, ఇక్కడ ఇప్పుడు సిఫారసు చేసే మందం అదే. కానీ ఆ బోర్డుల కింద మాత్రం పై పొర తీసేసి, కింద పొరని 72 మి.మీ. సందులోకి నొక్కి మూసేశారు. ఉన్ని పనిచేసేది అందులో చిక్కుకున్న గాలి వల్ల, నొక్కితే ఆ గాలి పోతుంది. అలా చేశాక 270 మి.మీ. ఆపగలిగే వేడిలో మూడో వంతు కూడా అక్కడ ఆగదు. సరిగ్గా దాని కింద ఉన్నది చిన్న పడకగది. "ఆ గది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, రేడియేటర్ మార్చాలేమో" అని కుర్రాడు మొదటి రోజే అన్నాడు. రేడియేటర్‌లో ఏ లోపమూ లేదు.

పాత బోర్డులు ఒక్కొక్కటి విప్పి తిరగేస్తే అడుగున నల్లటి చుక్కలు, బూజు. చేత్తో తాకితే చెమ్మగా ఉంది. ఇంట్లో వంట, స్నానాలు, ఆరబెట్టిన బట్టల నుంచి వచ్చే ఆవిరి హాచ్ అంచుల నుంచి, లైట్ల రంధ్రాల నుంచి పైకి పోతుంది, చల్లగా ఉన్న బోర్డు అడుగుకి తగిలి నీరవుతుంది, ఉన్నికీ బోర్డుకీ మధ్య గాలి ఆడే సందు లేకపోతే అది ఆరదు. అక్కడి చెక్కలో నా మీటర్ తేమ 22 శాతం చూపించింది, దూరంగా ఉన్న చెక్కలో 15. ఇరవై దాటి అలాగే ఏళ్లు ఉంటే చెక్క కుళ్లడం మొదలవుతుంది. ఇక్కడ ఇంకా కుళ్లలేదు, గోరుతో గట్టిగా నొక్కి చూశాను, గట్టిగానే ఉంది.

ఇంకో విషయం కూడా అక్కడే దొరికింది. ఇంటి ఫ్యూజ్ బోర్డులో ఆర్‌సీడీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) నెలకి రెండు మూడు సార్లు కారణం లేకుండా పడిపోతోందని, ఒకసారి ఎవరినో పిలిస్తే వచ్చి చూసి ఫ్రిజ్ మీద అనుమానమని చెప్పి వెళ్లారని కుర్రాడు మామూలు మాటల్లో అన్నాడు. ఆరో బోర్డు ఎత్తుతుంటే కింద బూడిద రంగు కేబుల్ బోర్డుతో పాటు లేచింది. స్క్రూ చెక్క అంచు దాటి పక్కన పోతున్న లైటింగ్ కేబుల్ తొడుగులోకి దిగి ఉంది. నేను అక్కడే ఆగిపోయి, కిందకి దిగి, ఆ సర్క్యూట్ ఆఫ్ చేసి, ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. మర్నాడు ఆయన తీగల మధ్య కరెంటు లీకవుతోందా అని చూసే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ టెస్ట్ పెడితే న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 0.2 మెగాఓమ్‌లు వచ్చింది, కనీసం 1 ఉండాలి. చెమ్మ ఎక్కువైన రోజున ఆర్‌సీడీ పడేది దానివల్లే. స్క్రూ ఓ రెండు మిల్లీమీటర్లు పక్కకి దిగి ఉంటే లైవ్ తీగలోకే పోయేది. బోర్డు మీద మోకాళ్ల మీద కూర్చుని స్క్రూ తిప్పుతున్న మనిషికి కింద ఏముందో కనపడదు, నాకు ఈ పనిలో అన్నిటికంటే టెన్షన్ అదే.

అందుకే నా పద్ధతి ఒకటుంది. బోర్డు వేసే భాగమంతా ముందు పై పొర ఉన్ని చుట్టలు చుట్టి పక్కకి జరుపుతాను, ప్రతి కేబుల్ ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో చూసి ఫోన్‌లో ఫోటోలు తీస్తాను, ట్రస్సు చెక్కల పైన మార్కర్‌తో బాణం గుర్తులు పెడతాను. ఆ తరువాతే కొలతలు. ఈ పనికి ఒక పూట పోతుంది, పోనివ్వాలి. కేబుల్ రబ్బరు తొడుగుతో ఉన్న చాలా పాతదైతే, ముట్టుకుంటే పొడిలా రాలుతుంటే, అసలు కదిలించకుండా ఎలక్ట్రీషియన్ వచ్చే దాకా పని ఆపేస్తాను. ఉన్ని బదులు గుళికల్లా మెరిసే వర్మిక్యులైట్ అనే ఖనిజం కనపడినా అంతే, కొన్నింట్లో ఆస్‌బెస్టాస్ కలిసి ఉండే ప్రమాదం ఉంది, టెస్ట్ చేయించాక మాత్రమే.

ఈ ఇంట్లో లైటింగ్ కేబుళ్లు ఉన్ని కిందే ఉన్నాయి, వాటిని అలాగే వదిలేశాం, పాడైన ముక్క తప్ప. కేబుల్ ఉన్ని కింద కనపడితే చాలు అన్నీ పీకి పైకి తేవాలని కొందరు భయపెడతారు, అది నిజం కాదు. 1 చదరపు మి.మీ. కేబుల్ మందపాటి ఉన్ని కింద కూడా 10.5 ఆంప్స్ మోయగలదు, దాని ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్) 6 ఆంప్స్, ఇక గొడవేముంది.

గొడవ షవర్ కేబుల్‌తో. ఇక్కడి ఎలక్ట్రిక్ షవర్ తెలుసు కదా, ట్యాంకు లేని గీజర్ లాంటిది, నీళ్లు పోతుండగానే వేడి చేస్తుంది. వీళ్లది 9.5 కిలోవాట్లు, 230 వోల్టుల మీద లెక్కేస్తే 41 ఆంప్స్. దానికి వేసింది 6 చదరపు మి.మీ. ట్విన్ అండ్ ఎర్త్ కేబుల్, అంటే లైవ్, న్యూట్రల్, ఎర్త్ తీగలు ఒకే తొడుగులో ఉండేది. ఇక్కడి వైరింగ్ నియమాల పుస్తకం బీఎస్ 7671లో ఉన్న పట్టిక ప్రకారం ఇదే కేబుల్ చెక్కకి క్లిప్ చేసి గాలి తగిలేలా పోతే 47 ఆంప్స్ మోస్తుంది. సీలింగ్ మీద 100 మి.మీ. లోపు ఉన్ని కింద ఉంటే 34. 100 దాటితే 27. ఇల్లు కట్టినప్పుడు పైన పలచటి పొర మాత్రమే ఉండేది, తరువాత ఎప్పుడో షవర్ పెట్టారు, ఆ తరువాత ఇంకెవరో వచ్చి 170 మి.మీ. ఉన్ని దాని మీద పరిచేశారు, ఎవరి పని వాళ్లు బాగానే చేశామనుకున్నారు. చివరికి 27 మోయగలిగే కేబుల్ మీద 41 పోతోంది. ఎంసీబీ 45ది కాబట్టి 41కి అది కదలనే కదలదు, అంటే కేబుల్ వేడెక్కుతుంటే ఆపేవాళ్లు ఎవరూ లేరు. మామూలుగా అయిదు నిమిషాల స్నానమైతే వేడెక్కే లోపే ఆగిపోతుంది. ఈ ఇంట్లో పొద్దున్న ఆరున్నర నుంచి నలుగురు వరసగా చేస్తారు.

ఉన్ని కింద నుంచి ఆ కేబుల్‌ని చేతిలోకి తీసుకుంటే బయట ఉన్న ముక్క మెత్తగా వంగింది, పూడిపోయిన మూడు మీటర్లు కర్రలా బిగుసుకుని, తొడుగు గోధుమ రంగులోకి తిరిగి ఉంది. ఈ కేబుల్ మీద ప్లాస్టిక్ 70 డిగ్రీల దాకా తట్టుకునేలా చేసింది, అంతకు మించి ఎన్నిసార్లు పోయిందో ఎవరికి తెలుసు. కుర్రాడిని పైకి పిలిచి రెండు ముక్కలూ వంచి చూడమన్నాను. వంచి చూశాక ఏమీ మాట్లాడలేదు, కిందకి దిగి ఎలక్ట్రీషియన్ ఎప్పుడు వస్తాడని అడిగాడు.

ఆ పని నాది కాదు, నేను వడ్రంగిని. రిజిస్టర్ అయిన ఎలక్ట్రీషియన్ వచ్చి మొత్తం 10 చదరపు మి.మీ. కేబుల్‌తో మార్చాడు, ట్రస్సు వాలు చెక్కల వెంట ఉన్ని పైన ఎత్తులో క్లిప్ చేశాడు, టెస్టులు చేసి సర్టిఫికెట్ ఇచ్చాడు. కేబుల్ కిందికి గోడలోకి దిగే చోట ఉన్ని చుట్టుకుంటే మళ్లీ అదే కథ, అందుకని అక్కడ ప్లైవుడ్‌తో చిన్న గూడు కట్టమన్నాడు, ఎంత ఖాళీ ఉండాలో ఆయనే లెక్క వేసి చెప్పాడు, నేను కట్టాను. లైటింగ్‌కి పాడైన ముక్క తీసేసి, స్క్రూ టెర్మినల్స్ ఉన్న జంక్షన్ బాక్స్‌ని బోర్డు కింద పడకుండా పక్కకి, చెయ్యి అందే చోటికి మార్చాడు. అలాంటి బాక్సులు తరువాత తెరిచి చూడగలిగేలా ఉండాలి, బోర్డు కింద పెట్టి స్క్రూలు బిగించేస్తే అది ఉందని పదేళ్ల తరువాత ఎవరికీ తెలియదు.

బాత్‌రూమ్ సీలింగ్‌లో దిగేసిన హాలోజెన్ లైట్లు నాలుగు. వాటి వెనక భాగాన్ని ఉన్ని పూర్తిగా కప్పేసింది, ఒకదాని ట్రాన్స్‌ఫార్మర్ పక్కన చెక్క మీద అరచేతి అంత గోధుమ రంగు మచ్చ. ఇది నేను మొదటి రోజు చూడలేదు, చూడాల్సింది. రెండో రోజు పొర పూర్తిగా ఎత్తాక కనపడింది. ఆ లైట్లు తీసేసి ఫైర్ రేటెడ్ ఎల్ఈడీలు పెట్టించాం, పైన ఉన్ని కప్పవచ్చని తయారీదారు రాసిన రకమే ఎంచుకున్నాం. అదే బాత్‌రూమ్ ఫ్యాన్ గొట్టం ఊడిపోయి ఆవిరంతా నేరుగా లాఫ్ట్‌లోకి వదులుతోంది, బోర్డుల కింద చెమ్మకి అదొక పెద్ద కారణం. గొట్టం మార్చి, దానికి కూడా తొడుగు వేసి చూరు బయటకి పంపాం.

మధ్యలో కుర్రాడు ఒక ఐడియా చెప్పాడు. కొత్త టీవీతో వచ్చిన థర్మాకోల్ షీట్లు దాచిపెట్టాడట, కేబుళ్ల మీద అవి పరిచి పైన బోర్డు వేస్తే మెత్తగా ఉంటుంది, వేడి కూడా పోదు కదా అని. వద్దని గట్టిగా చెప్పాను. పీవీసీ కేబుల్‌కి థర్మాకోల్ తగిలి ఉంటే ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే పదార్థం మెల్లగా థర్మాకోల్‌లోకి పోతుంది, థర్మాకోల్ కరిగి అంటుకుంటుంది, తొడుగు పెళుసైపోతుంది. నిప్పు అంటుకుంటే ఆ షీట్లు ఏం చేస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

ఇక డెక్, అంటే ఉన్ని పైన ఎత్తులో బోర్డులతో వేసే నేల. దుకాణాల్లో ఎక్కువగా దొరికే ప్లాస్టిక్ కాళ్లు 175 మి.మీ. ఎత్తు. 100 మి.మీ. ఎత్తున్న అడుగు చెక్క (జాయిస్టు) మీద పెడితే 275 అవుతుంది, 270 ఉన్నికి ఎలాగో సరిపోతుంది. ఈ ఇంట్లో అడుగు చెక్క 72 మాత్రమే, కలిపితే 247, అంటే ఉన్నిని మళ్లీ నొక్కడమే. కుర్రాడు బోర్డులతో పాటు ఆ కాళ్లే రెండు పెట్టెలు కొన్నాడు, అవి వెనక్కి పంపించాం. ఉన్ని పైనుంచి బోర్డు అడుగుకి కనీసం 50 మి.మీ. గాలి సందు ఉండాలని నేను పట్టుబడతాను. అందుకని ఎత్తైన ఆధారాల మీద స్టీలు బీములు ట్రస్సులకి అడ్డంగా పోయే పద్ధతి ఎంచుకున్నాను, సీలింగ్ నుంచి బోర్డు అడుగు దాకా 320 వచ్చేలా. దీనివల్ల ఇంకో లాభం, ఒక చోట పెట్టిన బరువు ఒక్క చెక్క మీద కాకుండా మూడు నాలుగు ట్రస్సులకి పంచుకుంటుంది. ఆధారాలకి స్క్రూలు చెక్క నడుమ మాత్రమే, నా కళ్లతో కేబుల్ లేదని చూసిన చోట మాత్రమే. మేకులు ఎప్పుడూ వద్దు, సుత్తి దెబ్బకి కింద ప్లాస్టర్ స్క్రూలు బయటకి పొడుచుకొస్తాయి. పనిచేస్తున్నంతసేపు నా కాళ్ల కింద రెండు మూడు ట్రస్సుల మీద ఆనే పలక ఒకటి ఉంటుంది, సీలింగ్‌కి వేసిన 12.5 మి.మీ. ప్లాస్టర్‌బోర్డు మనిషి మోకాలిని కూడా ఆపలేదు.

ఆధారాలు బిగించాక ఉన్ని పై పొరని వాటి చుట్టూ కోసి, సందు లేకుండా, నొక్కకుండా మళ్లీ పరిచాను. నొక్కేసి ఉన్న చిన్న గది మీద కొత్త ఉన్ని రెండు పొరలు. చూరు దగ్గర మాత్రం ఉన్నిని చివరి దాకా తోయలేదు, పెంకుల కింద నుంచి గాలి లోపలికి వచ్చే దారి అక్కడే ఉంది, అది మూసుకుపోతే కప్పు మొత్తం చెమర్చుతుంది. నీళ్ల ట్యాంకు కింద ఉన్ని వెయ్యలేదు, ఇంటి వేడి కాస్త తగిలితేనే అది గడ్డకట్టదు. ట్యాంకు దాకా ఒక బోర్డు వెడల్పు దారి వదిలాను. హాచ్ మూతకి వెనక గట్టి ఫోమ్ బోర్డు అంటించి, అంచుల చుట్టూ రబ్బరు స్ట్రిప్ పెట్టాను, డెక్ ఎత్తు పెరిగింది కాబట్టి హాచ్ చుట్టూ చెక్క కట్ట కట్టి ఉన్ని కిందకి రాలకుండా ఆపాను.

బోర్డులు 1220 మి.మీ. పొడవు, 320 వెడల్పు, గాడిలో నాలుక దూరే రకం. ప్యాకెట్‌లో మూడు, 1.17 చదరపు మీటర్లు వస్తుంది, పది ప్యాకెట్లు సరిగ్గా సరిపోయాయి, ఓ రెండు బోర్డులు మిగిలాయి. ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు, మధ్యాహ్నం రెండుకి మొదలుపెడితే అయిదున్నరకి అయిపోయింది. కేబుల్ పోయే చోట ఒక బోర్డుకి జిగురు లేకుండా నాలుగు స్క్రూలతో మాత్రమే వదిలాను, దాని మీద "కింద కేబుల్" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాను, రేపు ఇల్లు అమ్మినా కొన్నవాళ్లకి తెలియాలి. హాచ్ మూత లోపలి వైపు ఒక కాగితం ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి అంటించాం, మొత్తం సామాను 110 కిలోలు మించకూడదని, ఒకసారి ఒక్క మనిషే ఎక్కాలని, పెట్టిన ప్రతి వస్తువు బరువు పక్కన రాయాలని.

జనవరి చివర్లో, బయట మైనస్ మూడు ఉన్న పొద్దున్న మళ్లీ వెళ్లి చూశాను, ప్రతి పనికీ చలి బాగా ముదిరాక ఒకసారి అలా వెళ్తాను. బోర్డుల అడుగు పొడిగా ఉంది, పాత చెక్కల్లో తేమ 16 శాతానికి దిగింది. ఆర్‌సీడీ నవంబర్ నుంచి ఒక్కసారి కూడా పడలేదు. చిన్న గదిలో రేడియేటర్ మార్చలేదు, అమ్మగారు ఇప్పుడు ఆ గదిలోనే పడుకుంటున్నారు. కాగితం మీద ఆవిడ చేతిరాతతో కొత్త వరసలు రెండు చేరాయి, "దుప్పట్లు 4", "బొమ్మలు, మళ్లీ తూచాను, 11". లెక్క కూడితే 103. ఫిబ్రవరిలో ఆవిడ తెనాలి వెళ్లిపోతున్నారు, రెండు పెద్ద సూట్‌కేసులు కిందికి దిగుతాయి, ఆ ఖాళీలో ఏం పెట్టాలో నన్ను అడిగాకే పెడతామన్నారు.